మామ నాడి నెమ్మదించిన రోజు

ఆ రోజు నేను అనంతపురం పోయింది మాత్రల కోసం. ధర్మవరంలో ఏ మందుల షాపులోనూ అవి లేవు. మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చి మా వీధి మలుపు తిరిగితే మగ్గాల చప్పుడు వినపడలేదు. పట్టుచీరలు నేసే వీధిలో పనిరోజున మగ్గాలన్నీ ఆగాయంటే ఎవరో పోయినట్టే లెక్క. మా వాకిట్లో కుప్పగా పడి ఉన్న చెప్పులు చూశాక ఆ ఎవరో మా ఇంట్లోనే అని అర్థమైంది. చేతిలో మందుల పొట్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తర్వాత చెప్పుల మధ్య దారి చేసుకుని లోపలికి పోయాను.

పడసాలలో మామను చాప మీద దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టారు. మామ అంటే మా ఆయనే. మా అమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పటి నుంచి మామా అని పిలిచినదాన్ని, పెళ్లయ్యాక కొత్త పిలుపు నోటికి రాక అదే ఉంచేసుకున్నాను. ఆయన తల్లి నాకు అమ్మమ్మా అత్తా రెండూ. అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె తల దగ్గర కూర్చుని తులసాకులు వేసిన చెంబు పట్టుకుని ఉంది. చుట్టాలు ఒకరి వెనక ఒకరు వంగి, చెంచాతో ఆయన నోట్లో నీళ్లు పోస్తున్నారు.

"ఏం జేస్తాండారు?" అన్నాను.

"వచ్చినావా పాపా," అంది అవ్వ. "పొద్దున మగ్గం గుంతలోంచి లేస్తా లేస్తా పడిపోయినాడు. నాడి చూపిస్తే పడిపోయిండాదంట. నువ్వు గూడా ఒక చెంచా పొయ్యి తల్లీ."

నా ఒళ్లు మండిపోయింది. మామకు కిడ్నీలు రెండూ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఎనభైల్లో మా వైపు ఆ జబ్బుకు ఏ దిక్కూ లేదు. వారం వారం బెంగుళూరు రైలుబండెక్కి, అక్కడి ఆసుపత్రిలో మిషన్ పెట్టించుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. మధ్యలో తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు, ఒంట్లోనే నిలిచిపోతాయి. కాళ్లు ఉబ్బుతాయి, బి.పి. పెరుగుతుంది, మరీ ఎక్కువైతే ఊపిరి ఆడదు. అందుకని రోజుకు ఇంత అని కొలిచి నేనే ఇచ్చేదాన్ని. వానల్లేక ఊరంతా కొళాయి దగ్గర బిందెలు పట్టుకుని కొట్టుకుంటుంటే, మా ఇంట్లో కుండ నిండా ఉన్న నీళ్లకు నేను కాపలా కాసేదాన్ని. అలాంటి మనిషికి ఊరు ఊరంతా వచ్చి నీళ్లు పోస్తోంది.

చెంబు లాక్కున్నాను. కొందరు అయ్యో అన్నారు. నా నోరు ఆ వీధికి కొత్త కాదు గనక ఎవరూ అడ్డం రాలేదు. చాప పక్కన కూలబడి ఆయన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాను. ఆయన చేతి గడియారం ఆయన చేతికే ఉంది. సెకండ్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టాను. యాభై ఆరు. తప్పిందేమోనని మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ యాభై ఆరే. అప్పటికి గానీ నాకు ఊపిరి తిరగలేదు.

ఆ లెక్క బెంగుళూరు డాక్టరు నేర్పింది. మిషన్ మొదలుపెట్టిన కొత్తలో మామ గుండె పడుకున్నా కూడా పరిగెత్తేది, మెడ దగ్గర నరం ఎగరడం నాకు దూరం నుంచే కనపడేది. బి.పి.కీ దానికీ కలిపి ఒక మాత్ర రాశాడు. "ఇది గుండె జోరు తగ్గిస్తుంది. పొద్దున్నే లేవకముందే చూడు. యాభై పైన ఉంటే మాత్ర వెయ్యి. దిగితే ఆపి, వెంటనే తీసుకురా. నీ అంతట నువ్వు మాత్రం మానిపించొద్దు," అన్నాడు. ఈ మాత్రల మీద ఉన్నవాళ్లు దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయనీ చెప్పాడు. నేను మామకు వంద సార్లు చెప్పాను. ఆయన వింటే గదా.

నాడి చూసిన పెద్దాయన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మంచి మనిషి. మా ఇంట్లో అందరికీ ఆయనే చూసేవాడు.

"నా చేతికి తెలిసింది నేను చెప్పినానమ్మా," అన్నాడు. "ఆ వయసు మొగోనికి నాడి ఇంత నిదానంగా ఆడితే సాయంత్రం దాటదు."

"మీ చెయ్యి తప్పు చెప్పలేదు తాతా. మాత్ర వేసినాం గాబట్టే నిదానంగా ఆడతాంది. ఆ సంగతి మీకు ఎవురూ చెప్పలా."

"నాడిని నిదానం చేసే మాత్ర ఉంటుందా?"

పొట్లం విప్పి చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, పెద్దమామ వైపు చూశాడు. పెద్దమామ అంటే మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద.

"మాత్రలు ఉండనీ," అన్నాడు పెద్దమామ. "ఈ పొద్దు బండి ఎక్కించేదానికి మాత్రం నేను ఒప్పుకోను. దావలో పానం పోతే ఏం జేస్తావు? కదిరిలో చుట్టాలకు గూడా కబురు పంపినాం. పుట్టిన ఇంట్లో నిమ్మళంగా పోనీ వాన్ని."

సాయంత్రం బండి తప్పితే మరునాటి మిషన్ తప్పుతుంది. అదొకటి తప్పితే, ఈ తాగిన నీళ్లతో, ఆ వారం గడవడు. ఇది ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఎలా చెప్పాలా అని చూస్తుంటే మామ పెదవుల మీద చూపు పడింది. నాలుక కొన బయటికొచ్చి, కింది పెదవి మీద మిగిలిన చుక్కను నెమ్మదిగా లోపలికి తీసుకుంది. తర్వాత నోరు మళ్లీ కొంచెం తెరుచుకుంది. పోయే మనిషి చేసే పని కాదది.

"అందరూ ఒక్క ఘడియ బయటికి పోండి. నా మొగునితో నేను మాట్లాడుకోవల్ల," అన్నాను. అవ్వ ఏడుస్తూ లేచింది. తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

"మామా, కండ్లు తెరువు."

తెరవలేదు.

"తెరువు, లేకుంటే ఆ చెంబుతోనే కొడతా."

ఒక కన్ను తెరిచాడు. "పోయినారా?" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"కండ్లు తిరిగి పడింది నిజమేనే," అన్నాడు. "తెలివొచ్చేతలికి అమ్మ నోట్లో నీళ్లు పోస్తాంది. సల్లగా ఉండాయి. కండ్లు తెరిస్తే ఇంగ పొయ్యరు గదా. అందుకే తెరవలా."

"ఎన్ని చెంచాలు తాగినావు?"

"ఎవురు లెక్కపెట్టినారు. నువ్వు ఇంట్లో లేవు." తర్వాత వేరే గొంతుతో అన్నాడు. "నిజంగానే సాలనిపిస్తాందే నాకు. ఆ బండి, ఆ సూదులు, ఈ దప్పిక. అన్న చెప్పినట్టే కానీ. ఆ చెంబు ఇట్లా ఇయ్యి, కడుపునిండా తాగి పోతా."

పెద్దమామతో పోట్లాడటానికి సిద్ధమయ్యాను గానీ, ఈయనతో పోట్లాడాల్సి వస్తుందని అనుకోలేదు. ఆ మాటకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది.

"నీకు సాలు," అన్నాను. "నాకు సాల్లేదు. నన్ను అడగకుండా నువ్వెట్ల పోతావు? మా అమ్మ చేతిలోంచి నన్ను తెచ్చుకున్నప్పుడు ఇట్లా మధ్యలో పోతానని చెప్పినావా? మిషన్ మీద మొదటి గంట గ్లాసుడు నీళ్లు తాగొచ్చని నర్సమ్మ చెప్పింది గదా, ఆడ తాగు. ఈడ ఒక్క చుక్క ఇయ్యను. లెయ్యి."

ఆయన చెయ్యి చాపాడు. ముందు కూర్చోబెట్టాను. కళ్లు కుదురుకునేదాకా ఆగాను. తర్వాత గోడ పట్టుకుని నిలబడ్డాడు.

తలుపు తీస్తే వాకిట్లో ఏడుపు తాడు తెగినట్టు ఆగిపోయింది. పెద్దమామ మెట్టు మీద అడ్డంగా నిలబడి ఉన్నాడు. తమ్ముణ్ణి కింది నుంచి పైదాకా చూసి, పక్కకు తప్పుకుని, తర్వాత తనే వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. స్టేషన్ దాకా వదల్లేదు. అవ్వ తులసి నీళ్లే తన కొడుకును లేపాయని వీధంతా చెప్పింది. చెప్పుకోనీ అనుకున్నాను. చెంచాల సంగతి నా నోట ఎప్పుడూ రాలేదు.

మరునాడు ఆసుపత్రిలో బరువు చూసి డాక్టరు నా మీదే ఎగిరాడు. "ఇన్ని నీళ్లు ఎవరిచ్చారమ్మా?" అన్నాడు. "చుట్టాలు," అన్నాను. ఆయన కన్నడంలో ఏదో గొణుక్కుంటూ పోయాడు. సూదులు గుచ్చి మిషన్ తిప్పాక నర్సమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. మామ ఈసారి కళ్లు తెరుచుకునే తాగాడు, గుటక గుటకకూ ఆగి. ఖాళీ గ్లాసు తిరిగిస్తూ ఆమెను అడిగాడు, "మళ్లా ఎప్పుడు రావల్లమ్మా?"

ఏడాదిగా ఆ మాట అక్కడ నేనొక్కదాన్నే అడుగుతూ వచ్చాను. ఆయన అడగడం అదే మొదటిసారి.