రంగు పట్టని ముక్క

పాప పుట్టాక విరేచనంలో పడుతున్న రక్తాన్ని చూసి మొలలే అనుకుంటూ చాలా రోజులు గడిపాను. చివరికి సూర్యాపేటలో డాక్టరు పేగులోకి కెమెరా పంపి చూసి, లోపలి గోడకు మొలిచిన చిన్న కండను తీసేశారు. దాన్ని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావన్నారు. ఏది అటు మొగ్గుతుందో అంచనా వేయడానికి కణాల్లోని కొన్ని ప్రొటీన్లకు రంగు పట్టించి చూస్తారట. ఆ పరీక్ష హైదరాబాద్‌లోనే అవుతుందని, మందునీళ్లలో ముక్క వేసి సీసా మా చేతికే ఇచ్చారు. ఎండ తగలనివ్వొద్దన్నారు.

పాప కోదాడలో అమ్మ దగ్గర ఉంది. ఆ రాత్రికి నేనూ మా ఆయనా అక్కడికే వెళ్లాం. ఎండ మాట చెప్పి సీసా అమ్మకిచ్చి, నేను పాప పక్కన పడుకున్నాను.

మిర్యాలగూడలో ఉన్న నాకు అమ్మ ఎప్పుడు కోడికూర పంపినా డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి బస్సెక్కిస్తుంది. సీసాకూ అదే చేసింది. పొద్దున నేను పాపకు స్నానం చేయిస్తుంటే మా ఆయన చేతికిచ్చింది. ఆయన హైదరాబాద్ తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇచ్చి వచ్చారు. తర్వాత పాపను తీసుకుని మిర్యాలగూడ వచ్చేశాం.

రిపోర్టు చూసి డాక్టరు మొదట అడిగింది అదే, ముక్కను గడ్డకట్టించారా అని. నాకేమీ అర్థం కాలేదు. మా ఆయన తల దించుకుని, సీసా చల్లగా ఉండిందన్నారు. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను.

"ఎండలకి పాడైపోద్దని పెట్టానమ్మా. మాంసమే కదా," అంది.

డాక్టరుకు కోపం రాలేదు. "క్యాన్సర్ అయితే ఇప్పుడు కనవడుతలేదమ్మా. కానీ ముక్క దెబ్బతిన్నది, రంగు సరిగ పట్టలే. ముంగట ఎట్ల ఉంటదో దీన్ని చూసి చెప్పలేను," అన్నారు. మళ్లీ పరీక్షకు పంపడానికి ముక్క మిగల్లేదు. ఏడాదికి మళ్లీ కెమెరా వేసి చూద్దామన్నారు.

ఏడుపు రాలేదు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు చదివాను. పూర్తయ్యాక మళ్లీ మొదటి నుంచి చదివాను.

మిర్యాలగూడ చేరి పాపను పడుకోబెట్టేసరికి అమ్మే ఫోన్ చేసింది. క్యాన్సర్ లేదన్నారని చెప్పాను. ఆ రంగు పరీక్ష సంగతేమిటని అడిగింది. అదీ బాగానే ఉందన్నాను. అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఇక రెండో కాన్పు గురించి ఆలోచించుకోమంది. చూద్దామన్నాను.

ఫోన్ పెట్టాక మా ఆయన అడిగారు: "అత్తమ్మకు అబద్ధమెందుకు చెప్పినవ్?"

"చెప్తే ఏడాదంతా తిండి మానేసి తనను తనే తిట్టుకుంటది."

"మరి నువ్వు?"

పాప లేచినట్టుంది, ఎత్తుకుని రమ్మన్నాను.