నలభయ్యో పిట్ట

కంటికి ఆపరేషన్ అయిందంటే చాలు, లోకం ఆ మనిషిని గుడ్డివాళ్లలో కలిపేస్తుంది. టేపక్కకూ అదే గతి పట్టింది. మెడలో కొలతల టేపు లేకుండా ఎవరూ చూడలేదు గనక వీధికంతటికీ ఆమె టేపక్క. ఇరవై ఏళ్లుగా బడిపిల్లల యూనిఫాంలన్నీ ఆమె మిషను మీదే పుట్టాయి. ఈ ఏడు బట్ట తానుతో వచ్చిన పెద్ద టీచరమ్మ మాత్రం గుమ్మంలోనే నసిగింది.

"కళ్లు ఆనుతున్నాయా అక్కా? సూదిలో దారం, అదీ..."

టేపక్కకు ఒళ్లు మండింది. "సూదెందుకు? ఈ ఎండల్లో నెల తిరిగేలోగా నలభై రకాల పిట్టల్ని చూసి చూపిస్తా. ఒక్కటి తగ్గినా తాను పట్టుకుపోండి."

టీచరమ్మ నవ్వి, సరేనంది.

చూడడం టేపక్క వంతు. రాయడం కింది వాటాలోని తోడికోడలి వంతు. ఆమెకు చదువొచ్చు, దగ్గర పిట్టల బొమ్మల పుస్తకమూ ఉంది. రోజూ తెల్లవారకముందే ఇద్దరూ డాబా ఎక్కేవారు. పిచ్చుక, గోరింక, పికిలిపిట్ట, కోయిల చకచకా పడ్డాయి. ఆకులు కలిపి కుట్టిన దర్జీపిట్ట గూడు చూసి, "కుట్టు పరవాలేదు, అంచు మడవడం రాలేదు పాపం" అని టేపక్క పెదవి విరిచింది. ముప్పైతొమ్మిది దగ్గర లెక్క మొరాయించింది. గడువు రేపనగా ఎదురింటి చెట్టు మీద ఏదో కదిలింది.

"చెల్లీ, ఒళ్లంతా తెల్లచుక్కలే! తోకకు అడ్డచారలు, కన్ను ఎర్రన. రాయవే, చుక్కలపిట్ట!"

తోడికోడలు పుస్తకం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, మూసేసింది. "రాశానక్కా. నలభై."

మర్నాడు టీచరమ్మ కాగితం చదువుతుంటే ఆ తోడికోడలే అడ్డం వచ్చింది. "నాలుగోదీ నలభయ్యోదీ ఒకటేనండీ. నల్లది మగకోయిల, చుక్కలది దాని పెళ్లాం. ఇదిగో బొమ్మ."

"నీకెప్పుడు తెలిసిందే?" అంది టేపక్క.

"నిన్ననే. నువ్వంత సంబరపడుతుంటే చెప్పడానికి నోరు రాలేదక్కా."

"నిన్న రాని నోరు ఇవాళ టీచరమ్మ ముందు ఎలా లేచిందే?"

"కోపమెందుకు? నువ్విక విశ్రాంతి తీసుకో. మా కోడలు కొత్త మిషను కొనుక్కుందిగా, ఈ యూనిఫాంలు అది కుడుతుందిలే."

కాపురానికొచ్చిన కొత్తలో ఈ తోడికోడలికి సూది పట్టడం నేర్పింది టేపక్కే.

"ఒక్కటేగా, పోనీలే అక్కా" అనబోయింది టీచరమ్మ.

"మాటంటే మాటే." టేపక్క తాను విప్పి, అరచేత్తో నిమురుతూ ఒకచోట ఆగింది. "ఇక్కడ పోగు తెగింది. ఉతుకులకు చిరుగు పడుతుంది. చూసీ చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకాదు."

తోడికోడలు ఎంత వంగి వెతికినా కనపడలేదు. టేపక్క సుద్దముక్కతో అక్కడ సున్నా చుట్టి, తాను మడిచి, తోడికోడలి చేతుల్లో పెట్టింది.

మర్నాడు తెల్లారకముందే తోడికోడలు ఏమీ జరగనట్టు మెట్లెక్కింది. డాబా తలుపుకు అవతలినుంచి గడియ పడి ఉంది. "అక్కా, నేనే" అని రెండుసార్లు పిలిచింది. పైన పిట్టలు తప్ప ఎవరూ పలకలేదు.