సత్తెమ్మ ఒత్తులు

దయ్యం కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నారాయణగూడలో శ్మశానం గోడకు ఆనుకుని ఉన్న ఒక ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు కాగితం కట్టలు మోశాను. పని ఎక్కువైతే అక్కడే పడుకునేవాణ్ణి. దోమలు తప్ప ఏవీ నా దగ్గరికి రాలేదు. ఇప్పుడు ఇట్లాంటిది నేనే రాయాల్సి రావడం ఇంకా మంటగా ఉంది.

అన్నేళ్లు పుస్తకాలు మోసినా నాకు అక్షరం రాలేదు. అరవై రెండో ఏట నా భార్య సత్తెమ్మ నేర్పింది. ఆమె ఏడో తరగతి చదివింది. చిక్కడపల్లిలో మా బాల్కనీ కుండీలన్నిటికీ చెట్ల పేర్లు ప్లాస్టిక్ ముక్కల మీద నాచేత రాయించి గుచ్చేది. అక్షరాలన్నీ ముందు వరసగా రాసి, ఒత్తులు చివర్న పెట్టడం నా అలవాటు. సగం సార్లు మరిచిపోయేవాణ్ణి. మొదటిసారి ఆమె పేరు 'సతెమ' అని రాసి చూపించాను.

"ఓ అయ్యా, నా కాళ్లు రెండు నరికినవ్ గదా! ఒత్తు లేని మాట కాళ్లు లేని దయ్యం. ఎట్ల నడుస్తది?" అని పడీ పడీ నవ్వి, ఒత్తులు తనే పెట్టింది. ఆమె పెట్టే త ఒత్తు తోక పక్క అక్షరం కిందిదాకా సాగుతుంది. నాకు అట్లా రాదు.

వరంగల్ కోట చూడాలని ఆమెకు ఎన్నేళ్లో కోరిక. రాళ్లలో చూసేదేముందని నేనే తీసుకుపోలేదు. పోయినేడు ఆమె చనిపోయింది.

మొన్న ఒక ఆదివారం నా కొడుకు రమేష్, కోడలు పూజ నన్ను కార్లో ఆ కోటకు తీసుకెళ్లారు. రాతి తోరణాలు చూసినంతసేపూ నా మీద నాకే కోపం. తిరిగి వస్తూ ఊరి చివర నర్సరీలో ఆగాం. సత్తెమ్మ పేరు మీద పెంచుదామని బొండుమల్లె కొన్నాను. నర్సరీ ఆమె ప్లాస్టిక్ ముక్క, నల్ల మార్కర్ ఇచ్చి, "పేరు రాసుకో పెద్దయ్యా" అంది.

స, తె, మ రాశాను. ఒత్తులు పెట్టబోతుంటే కారు దగ్గర్నుంచి పూజ కేక. "మామయ్యా, జల్ది రండి, ట్రాఫిక్ అయితది!" ఇంతలో మార్కర్ ఇంకెవరో అడిగి తీసుకున్నారు. పళ్లు కొరుక్కుంటూ అట్లాగే కుండీలో గుచ్చి తెచ్చుకున్నాను.

కుండీ దారంతా నా కాళ్ల మధ్యే ఉంది. జనగామలో టీ తాగి వచ్చి కూర్చున్నాక కూడా చూశాను. ఒత్తులు లేవు. ఉప్పల్ దగ్గర కాసేపు కునుకు పట్టింది. అంతే.

ఇంకా పొద్దు ఉండగానే ఇల్లు చేరాం. కుండీ దించి చూస్తే 'సత్తెమ్మ' అని ఉంది. నల్ల సిరా. త ఒత్తు తోక పక్క అక్షరం కిందిదాకా ఉంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. మెట్ల మీదే, పక్కింటివాళ్లు వింటుండగా పూజ మీద విరుచుకుపడ్డాను. "చచ్చినోళ్లతోని పరాచికాలా? మీ అత్త పేరు నీకు ఆటైపోయిందా?"

ఆ పిల్ల తెల్లబోయింది. "నాకు తెలుగు రాయొస్తదా మామయ్యా? నేను నాగ్‌పూర్‌ల గదా చదివిన."

"నాకు గూడ రాదు నాయినా" అన్నాడు రమేష్. "బోర్డులు కూడబలుక్కుంటనంతే. ఇంగ్లిష్ మీడియంల ఏసింది నువ్వే గదా."

నేను నమ్మలేదు. ఇద్దరికీ కాగితాలిచ్చి సత్తెమ్మ పేరు రాయమన్నాను. వాడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. పూజ కళ్లు తుడుచుకుంటూ ఏవో సున్నాలు చుట్టింది. ఆ కార్లో తెలుగు రాయగలిగింది నేనొక్కణ్ణే.

తెల్లారి పుట్టింటికి పోతానని పూజ బ్యాగు సర్దింది. తలుపు దగ్గర నిలబడి, "తప్పయింది బిడ్డా" అన్నాను. ఉండిపోయింది. వారం మాట్లాడలేదు. నాకు అట్లనే కావాలి.

కారు సీట్ల కింద వెతికాను, మార్కర్ లేదు. నిద్రలో నేనే రాశానేమోనని పాత పేపర్ల మీద ఆ ఒత్తు దిద్ది దిద్ది చూశాను. ఆ తోక నా చేతికి రాలేదు. ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నిజంగా ఆమే వచ్చి ఉంటే, కోట చూపించలేదని నన్ను తిట్టొచ్చు కదా! ఇన్నేళ్ల కాపురానికి ఒక్క మాట లేదు. తప్పు దిద్ది పోతుందా?

ఇప్పుడు ఒత్తులన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా కొత్త కుండీల్లో 'మలె', 'గనేరు' అని రాసి గుచ్చుతున్నాను. పొద్దున్నే పోయి చూస్తాను. రాసినవి రాసినట్టే ఉంటున్నాయి.

నిన్న పూజ నీళ్లు పోస్తూ, సత్తెమ్మ కుండీ పక్కన పెట్టి చూసి, "మామయ్యా, వీటికి కింద కాళ్లు లేవు గదా? చూపిస్తే నేను పెడ్త" అంది.

"వద్దు బిడ్డా" అన్నాను. "అట్లనే ఉండనీ."