ఉత్తరపు గది ముందు చెప్పులు

మా ముత్తాత సర్వారాయుడు గారు కొత్తపేట దగ్గర మూడు లంకలకి మునసబు. తాతగారు రామరాయుడు గారు అరుగు మీద కూర్చుంటే తప్ప చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తగువూ తీరేది కాదు. దయ్యాలంటే మా ఇంట్లో పనివాళ్ళు కూడా నవ్వేవారు. నేనూ ఏనాడూ నమ్మలేదు. జరిగింది మాత్రం రాస్తాను.

ఇల్లు మా నాన్నగారి హయాంలోనే చేయిదాటింది. రెండువేల సంవత్సరం దాటాక ఒక హోటలు యజమాని దాన్ని కొని, బాగుచేయించి, టిక్కెట్టు పెట్టి టూరిస్టులకి చూపించడం మొదలుపెట్టాడు. జమీందారు వేషంలో ఇల్లంతా తిప్పే మనిషి కావాలన్నారు. నాకు వేరే ఆధారం లేదు. నాటకాల వాళ్ళ దగ్గర తెచ్చిన జరీ తలపాగా, పొడుగు కోటు వేసుకుని, మా తాతగారి ఇంట్లో మా తాతగారిలా తిరిగాను. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అవే మాటలు, అదే నవ్వు. మోకాళ్ళ కంటే ముఖం ఎక్కువ నొప్పి పుట్టేది.

ఉత్తరపు గది మా తాతమ్మగారిది. చివరి రోజుల్లో ఆవిడ మంచం పట్టారు. తన కిర్రుచెప్పుల చప్పుడుకి తల్లికి మెలకువ వస్తుందని, తాతగారు ఆ గుమ్మం రాకముందే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దాటేవారు. ఆవిడ పోయాక కూడా మానలేదు. ఈ సంగతి నేను ఏ టూరిస్టుకీ చెప్పలేదు. అది మా ఇంటి విషయం.

ఒకరోజు మేనేజరు పిలిచాడు.

"రాయుడు గారూ, ఉత్తరపు గదిలో ఆటకత్తెలు ఉండేవారని చెప్పండి."

"అది మా తాతమ్మగారి గదండీ."

"ముసలావిడ మంచం పట్టేరంటే టిక్కెట్టు కొని ఎవరు వింటారండీ? చెప్పలేనంటే చెప్పండి, రేపట్నించి వేషం ఇంకోళ్ళకిచ్చేస్తాం."

వాదించే ఓపిక లేకపోయింది. ఆ ఉద్యోగం పోతే మా గుమ్మంలోకి నేను టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాలి. చెప్పేద్దామనే అనుకున్నాను.

మధ్యాహ్నం కె.గంగవరం నుంచి ఒక కుటుంబం వచ్చింది. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఉత్తరపు గది ముందు నిలబడి ఉన్నారు. పిల్లలతో సహా అందరి చేతుల్లోనూ చెప్పులు.

"ఇక్కడ విప్పక్కర్లేదండీ" అన్నాను.

వాళ్ళలో పెద్దావిడ గొంతు తగ్గించింది. "ఇందాకా మీలాగే తలపాగా కట్టుకున్నాయన విప్పమన్నారండీ. లోపల అమ్మగారికి ఇప్పుడే కునుకు పట్టిందంట. ఆయనా చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళేరు." నన్ను ఎగాదిగా చూసి, "ఏమనుకోకండి, వేషం మీ కన్నా ఆయనకే నప్పిందండీ" అంది.

అక్కడున్న వేషం ఒక్కటే. అది నా ఒంటి మీద ఉంది. గదులన్నీ చూశాను. గేటు దగ్గర అడిగితే అటువంటి మనిషెవరూ రాలేదన్నారు.

వెనక్కి వచ్చేసరికి వాళ్ళు ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. మేనేజరు కూడా వచ్చి చూస్తున్నాడు. "ఇది మా తాతమ్మగారి గది" అన్నాను. వాళ్ళు తలూపి, చప్పుడు కాకుండా దాటారు.

సాయంత్రం తలపాగా, కోటు అప్పగించి వచ్చేశాను. వాళ్ళకి ఆ అలవాటు ఎవరు చెప్పారో ఈనాటికీ అంతుపట్టలేదు. ఆలోచించే ఓపిక కూడా తగ్గింది.

కొన్నాళ్ళకి ఆ వ్యాపారం మూతపడింది. ఇల్లు విప్పి టేకు స్తంభాలు, దూలాలు, పెంకు విడివిడిగా అమ్మేశారు. ఉత్తరపు గది గుమ్మం ముమ్మిడివరంలో ఒక రొయ్యల మేత కొట్టుకి వెళ్ళింది.