వెనక్కెళ్ళి చూసి చెప్పు

మా బావ కార్లకు కరెంటు పని చేస్తాడు. ఇంజిను జోలికి పోడు, టైర్లు ముట్టుకోడు. దీపాలు, హారను, వైపర్లు, బ్యాటరీ, వీటన్నిటినీ కలిపే వైర్లు, అంతే ఆయన లోకం. ముప్పై రెండేళ్ళుగా అదే రేకుల షెడ్డు, అదే మూడుకాళ్ళ స్టూలు. నాలుగో కాలు ఎప్పుడు పోయిందో మా అక్కకు కూడా గుర్తులేదు.

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. 'వెనక్కెళ్ళు మేస్త్రి' అంటే మాత్రం ఆటోవాళ్ళు కూడా దారి చూపిస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. మీరు హారను బాగుచేయించుకోవడానికి వెళ్ళినా సరే, పని అయ్యాక తాళం చేతికివ్వడు. తను డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. మిమ్మల్ని కారు వెనక మూడడుగుల దూరంలో నిలబడమంటాడు. ఒక్కొక్క లైటు వేస్తాడు. ఏది వెలుగుతోందో మీరు పైకి చెప్పాలి. తల ఊపితే కుదరదు, ఆయనకు కనపడదు కదా. ఒకసారి బ్యాంకు మేనేజరొకాయన మెడకు టై కట్టుకుని నడివీధిలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, 'ఎర్రది కుడి, ఎర్రది ఎడమ, పసుపుది కొట్టుకుంటోంది' అని బడిపిల్లాడిలా అప్పజెప్పడం నేను కళ్ళారా చూశాను. రెండు రోజులు తలచుకుని తలచుకుని నవ్వాను.

ఎందుకయ్యా ఈ తతంగం అని మా అక్క ఒకసారి అడిగిందట. ఓనరు తన కళ్ళతో చూసి తన నోటితో చెబితే, మర్నాడు వచ్చి వెలగలేదని గొడవ పెట్టుకోడు అన్నాడట. పెద్ద సిద్ధాంతమేదో ఉంటుందని ఆశపడ్డ అక్క నీరుగారిపోయింది.

నాది ఎదురు సందులో కళ్ళజోళ్ళ షాపు. ఆయన షెడ్డులో ఏనాడూ వెనక్కి వెళ్ళి నిలబడనివాణ్ణి నేనొక్కణ్ణే. బావమరిదినన్న హోదా ఒకటి ఏడిచింది కదా. తాళం లాక్కుని, సర్లే బావా, నువ్వు చేశాక వెలగకపోవడమేమిటి అని పొగిడేసి వచ్చేవాణ్ణి. పొగడ్తకు పడిపోయే మనిషి కాడు గానీ, నాతో వాదించే ఓపిక ఆయనకు లేదు.

ఆర్నెల్ల కిందట కొత్త కారు కొన్నాను. బూడిద రంగుది. నాకు నచ్చింది రంగు కాదు, ముందు లైట్లు. ఇంజిను స్టార్టు చేయగానే రెండు తెల్లటి గీతలు వాటంతటవే వెలుగుతాయి. బావకు చూపిద్దామని తిన్నగా షెడ్డుకే తీసుకెళ్ళాను. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. ఇవి పగటి లైట్లు. పగటిపూట ఎదురొచ్చేవాడికి నువ్వు కనపడడానికి పెట్టారు. ఈ బండిలో వీటికీ వెనక లైట్లకూ సంబంధం లేదు. వెలుతురు తగ్గినా, వాన పడినా స్టీరింగు పక్కనున్న కాడ ఒక మెట్టు తిప్పాలి. అప్పుడు సైడ్ లైట్లు వెలుగుతాయి. ముందు చిన్నవి రెండు, వెనక ఎర్రవి రెండు, నంబరు ప్లేటు మీద ఒకటి. ఇంకో మెట్టు తిప్పితే వాటితోపాటు హెడ్ లైట్లు కూడా. ఇదంతా చెప్పి, వెనక్కెళ్ళు చూపిస్తానన్నాడు.

షాపులో కస్టమర్లున్నారని చెప్పి వచ్చేశాను. నిజానికి షాపులో ఈగలు తప్ప ఎవరూ లేరు. కొత్త వస్తువేది చూసినా ఈయనకు ఏదో ఒక వంక కావాలి అని దారిపొడవునా సణుక్కున్నాను.

పాత బండిలో చీకటి పడితే మీటరు కనపడేది కాదు. అందుకని లైటు వేసేవాణ్ణి. కొత్తదాంట్లో మీటరు పగలూ రాత్రీ దేదీప్యమానంగా వెలుగుతూనే ఉంటుంది. ఆ తేడా వల్ల ఏం జరుగుతుందో అప్పటికి నా బుర్రకు తట్టలేదు.

మొన్నటి వానలో, సాయంత్రం ఐదింటికి, లెన్సుల పెట్టెలు రెండు వేసుకుని హోల్‌సేలు దుకాణం నుంచి వస్తున్నాను. వాన కూడా నా కారు రంగులోనే ఉంది. మలుపు దగ్గర ఒక బట్టల షాపు అద్దంలో నా తెల్ల లైట్లు మెరుస్తూ కనిపించాయి. ఎంత బాగున్నాయో అనుకున్నాను కూడా. నెమ్మదిగానే పోతున్నాను. వెనక నుంచి ధడేలుమని తగిలింది. లెన్సుల పెట్టెలు ముందుకొచ్చి పడ్డాయి.

గుద్దింది రొట్టెల కంపెనీ వ్యాను. నడిపేది ఒకమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. వానలోనే దిగి పరుగెత్తుకొచ్చి ముందు నాకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. తగల్లేదన్నాక, మీ వెనక లైట్లు లేవండి, బండి కనపడలేదు అంది. నేను ఒంటికాలి మీద లేచాను. వెనక నుంచి వచ్చి గుద్ది, పైగా లైట్లు లేవంటుందా. ముందు కళ్ళు టెస్టు చేయించుకోమ్మా, నాది కళ్ళజోళ్ళ షాపే, నీకు ఉచితంగా చూస్తాను అన్నాను. షాపుల అరుగుల మీద వానకు నిలబడినవాళ్ళంతా గొల్లున నవ్వారు. వాళ్ళు నవ్వడం నాకు బాగానే ఉంది. ఆమె వెనక్కి తిరిగి, వ్యానులోని తొట్లలో చెదిరిపోయిన రొట్టెలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. వానలో తడవడం ఇష్టం లేక నా కారుకు ఎదురుగా ఉన్న చూరు కిందే నిలబడ్డాడు. నా ఇంజిను ఆన్‌లోనే ఉంది, తెల్ల గీతలు ఆయన మొహానికే కొడుతున్నాయి. 'కారు లైట్లు వెలుగుతున్నవి' అని రాసుకుని వెళ్ళిపోయాడు. నేను బండి నడుపుకుంటూ తిన్నగా బావ షెడ్డుకు పోయి తాళం చేతికిచ్చాను. ఎడమ వైపు వెనక లైటు పగిలింది, డిక్కీ సొట్ట పోయింది. కుడి వైపు లైటుకు ఏమీ కాలేదు.

మూడో రోజు రొట్టెల డిపో మేనేజరు ఫోను చేశాడు. మర్యాదస్తుడు. ఆ అమ్మాయిని వ్యాను మీంచి దింపేశామండీ, శనివారంతో పనిలోంచి కూడా తీసేస్తున్నాం, గుద్దినందుకు కాదు, గుద్ది అబద్ధం చెబుతున్నందుకు అన్నాడు. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతేనట. తప్పు ఒప్పుకుంటే వదిలేద్దామనుకున్నారట. ఆమె మాత్రం లైట్లు లేవన్న మాట మీదే ఉందట. మీరు రెండు ముక్కలు రాసిస్తే ఫైల్లో పెట్టుకుంటాం అన్నాడు. దానికేం భాగ్యం అన్నాను.

షాపు లెటర్‌హెడ్డు మీద చక్కగా రాశాను. సంతకం కూడా పెట్టాను. కాగితం జేబులో పెట్టుకుని, కారు ఎందాకా వచ్చిందో చూద్దామని షెడ్డుకు వెళ్ళి, బావకు చదివి వినిపించాను. ఆయన స్టూలు మీద కూర్చుని వైరు చివర పీకుతూ మొత్తం విన్నాడు. తర్వాత అడిగాడు.

"లైట్లు వెలగడం నువ్వు ఎక్కడ చూశావు?"

"బట్టల షాపు అద్దంలో. ఎదురుగా."

"వెనకవి?"

"నడుపుతూ వెనకవెలా చూస్తాను బావా?"

"కాడ తిప్పావా?"

తిప్పాననే అనబోయాను. ఎప్పుడు తిప్పానో గుర్తు చేసుకోబోతే ఏమీ గుర్తు రాలేదు. తర్వాత ఎవరో ఆపి ఉంటారు అని ఏదో నసిగాను. నువ్వు తాళం ఇచ్చినప్పటి నుంచి ఆ కాడ నేను ముట్టుకోలేదు, నీ తర్వాత ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు, వెళ్ళి చూసుకో అన్నాడు. తలుపు తీసి చూశాను. కాడ సున్నా మీద ఉంది.

బావ షట్టరు సగం దించాడు. షెడ్డులో మసక అయింది. తను సీట్లో కూర్చుని, "వెనక్కెళ్ళు" అన్నాడు. ఈసారి షాపులో కస్టమర్లున్నారని నేననలేదు.

ఇంజిను స్టార్టయింది. ఎదురు గోడంతా తెల్లగా వెలిగింది. గోడకు వేలాడే వైర్ల చుట్టలు కూడా ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి. నేను నిలబడ్డ వైపు మాత్రం ఏమీ మారలేదు.

"ఏం వెలుగుతోంది?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నోటితో చెప్పాలి. నాకు కనపడదు."

"ఏమీ వెలగట్లేదు బావా."

లోపల టిక్కుమని ఒక చప్పుడు. కుడి వైపు ఎర్ర లైటు వెలిగింది. నంబరు ప్లేటు మీద చిన్న బల్బు వెలిగి నా నంబరు నాకే చదవడానికి వచ్చింది. అదీ చెప్పించాడు. తర్వాత ఇంజిను ఆపేశాడు. గోడ మీది తెల్ల వెలుగు టక్కున పోయింది, ఎర్రది మాత్రం అలాగే ఉంది. ఆగిపోయిన బండికి కూడా ఇవే దిక్కు, అందుకే వీటిని పార్కింగ్ లైట్లంటారు, ఆ తెల్లవి ఇంజిను ఉన్నంతసేపే అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, నేను కూడా ఎదురు అరిచి తేలికపడేవాణ్ణి.

సిగ్గేసింది. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి, కనపడలేదు మొర్రో అన్న మనిషిని పట్టుకుని పదిమందిలో నవ్వులపాలు చేశాను. ఆమె కళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

దాచడమెందుకు, ఇంకో ఆలోచన కూడా వచ్చింది. పోలీసు రాసేశాడు, కంపెనీ నమ్మేసింది, ఈ సంగతి బావకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. జేబులో కాగితం ఉండనే ఉంది. నువ్వు ఎవరికైనా చెబుతావా బావా అని అడిగాను. అడిగినందుకు ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

"నేను చెప్పను. చూసింది నువ్వు" అన్నాడు.

కారు దిగి వస్తూ, పగిలిన లైటు రావడానికి ఇంకా నాలుగు రోజులు పడుతుందనీ, రేపు పొద్దున పదింటికి కారు తీసుకెళ్ళి పన్నెండు లోపల తెచ్చి పెట్టెయ్యమనీ అన్నాడు. నేను అడగలేదు, తనే అన్నాడు. ముప్పై రెండేళ్ళలో ఒక్క లైటు వెలగకపోయినా ఏ బండినీ ఆయన షెడ్డు గడప దాటనివ్వలేదు. ఆ మాట విన్నాక జేబులో కాగితం తీసి చించేశాను. ఇంటికెళ్ళి ఇంకొకటి రాసుకున్నాను. మొదటిదాని అంత చక్కగా రాలేదు.

మర్నాడు శుక్రవారం. డిపోకు వెళ్ళి మేనేజరుకు జరిగింది చెప్పాను. ఆయన నమ్మలేదు. పోలీసే స్వయంగా చూసి రాశాడు కదండీ, మీరు జాలిపడి చెబుతున్నట్టున్నారు అన్నాడు. బయటికి రమ్మన్నాను. కారు స్టార్టు చేస్తే ముందు నిలబడి, వెలుగుతున్నాయి కదండీ అన్నాడు. వెనక్కెళ్ళండి అన్నాను. ఆయన వెళ్ళాడు. ఏం వెలుగుతోందో చెప్పమన్నాను. తల ఊపినట్టున్నాడు.

"తల ఊపితే నాకు కనపడదు సార్. నోటితో చెప్పండి."

"ఏమీ లేదండీ" అన్నాడు ఆయన, మెల్లగా.

"ఆ అమ్మాయి చెప్పింది కూడా అదే కదండీ."

అప్పటికే రొట్టెల తొట్లు కడిగేచోట పనాపి నలుగురైదుగురు మమ్మల్ని చూస్తున్నారు. వాళ్ళలో ఆమె కూడా ఉంది. వ్యాను మీంచి దింపినప్పటి నుంచి ఆమెను తొట్లు కడగడానికి పెట్టారట. మేనేజరు నా కాగితం చదువుకుని, లోపలికెళ్ళి మేకుకు వేలాడుతున్న వ్యాను తాళం తెచ్చి ఆమెకిచ్చాడు. ఆమె చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని తీసుకుంది.

నేను దగ్గరికెళ్ళాను. ఆ రోజు నోరు పారేసుకున్నానమ్మా, కళ్ళు చూపించుకోవలసింది నేను అన్నాను. పర్లేదండీ అంటుందనుకున్నాను. అనలేదు.

"అందరూ నవ్వారండీ" అంది.

తల దించుకుని వచ్చి కార్లో కూర్చున్నాను. స్టార్టు చేసి గేటు వైపు తిప్పబోతుంటే అద్దంలో ఆమె కనిపించింది. తాళం చేతిలో పట్టుకుని, నా కారు వెనక సరిగ్గా మూడడుగుల దూరంలో నిలబడి ఉంది.

"వెయ్యండి" అంది.

కాడ ఒక మెట్టు తిప్పాను.

"కుడిది వెలుగుతోంది" అని గట్టిగా చెప్పింది. "నంబరు ప్లేటు వెలుగుతోంది."

ఒకడుగు ఎడమకు జరిగింది.

"ఎడమది నేను పగలగొట్టిందే."