బల్ల మీద ఒక్కటే డబ్బా

జితేందర్‌రావుకు జరిగిన అన్యాయమంతా ఒక్క వాక్యంలో పట్టేస్తుంది. ఆ వాక్యం లోకేష్ నోటి నుంచి వచ్చింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్‌కి గంట దూరంలో ఉన్న షూటింగ్ క్లబ్బులో లోకేష్ తన వేట రైఫిల్‌లో పెట్టెలోని మొదటి తూటా పెట్టి పేల్చాడు. రావలసిన చప్పుడు రాలేదు, ఇంకేదో వచ్చింది. భుజానికి ఆనిన చెక్క మడమ నిలువునా చీలింది, బోల్టు బిగుసుకుపోయింది, ఇత్తడి ముక్క ఒకటి చెంపను గీసుకుంటూ పోయింది. కళ్ళద్దాలు లేకపోతే కన్ను పోయేదే. క్లబ్బు పెద్దలు పరుగెత్తుకొచ్చారు. పెట్టెలో మిగిలిన పంతొమ్మిది తూటాలూ చూసి, అవి షాపులో కొన్నవి కావని గుర్తుపట్టి, ఎవరు చేశారని అడిగారు.

"జితేందర్ అంకుల్ బెంచి మీద చేసినవి," అన్నాడు లోకేష్.

అబద్ధం కాదు. తూటాలు చేసే బెంచి ఆయనదే. చేసిన చేతులు మాత్రం లోకేష్‌వి. ఆ రెండో సగం నోట్లోనే ఉండిపోయింది. చెంప మీద రక్తం తుడుచుకుంటున్నవాణ్ణి ఇంకెవరూ ఏమీ అడగలేదు.

క్లబ్బు పెద్ద ఆ సాయంత్రమే జితేందర్‌కి ఫోన్ చేశాడు. మీ బెంచి మీద చేసినవేనా అని అడిగితే, "అవును, నా బెంచే," అన్నాడట ఆయన. ఇంకేమీ అనలేదట. పద్నాలుగేళ్ళుగా చలికాలం శనివారాల్లో క్లబ్బులో ఆయన తూటాల తయారీ నేర్పే క్లాసు ఆగిపోయింది. క్లాసు గది తాళంచెవి కవరులో పెట్టి పోస్టులో పంపించేశాడు.

వరంగల్ మనిషి జితేందర్. లోహశాస్త్రం చదివి ఎనభై ఒకటిలో మిషిగన్ వచ్చి, లారీల ఇరుసులు పోతపోసే కంపెనీలో ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు. విరిగిన ఇరుసు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎందుకు విరిగిందో చెప్పడమే ఆయన ఉద్యోగం. పక్క బల్ల మీద పనిచేసే డేల్ అనే తెల్లాయన ఒక నవంబరులో లేడి వేటకు తీసుకెళ్ళాడు. వేట కంటే వేటకు ముందు డేల్ నేలమాళిగలో కూర్చుని తూటాలు చేసే పని ఆయనకు నచ్చింది. డేల్ పోయాక ఆ బెంచి, తూటాలు బిగించే ప్రెస్సు, తుపాకి మందు పోసి కొలిచే గాజు హాపర్ జితేందర్ నేలమాళిగకు వచ్చాయి. పక్కనే సరోజ ఆంటీ బియ్యం బస్తాలు, ఊరగాయ జాడీలు. ఆవిడ దృష్టిలో ఆ గదికి ఇద్దరు యజమానులు, అందులో ఒకరు అద్దె కట్టరు.

లోకేష్ అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు అతనికి ఇరవై తొమ్మిదేళ్ళు. గుంటూరు నుంచి ఎమ్మెస్‌కి వచ్చి, ఉద్యోగం దొరికి, వీసా కాగితం కోసం ఎదురుచూస్తూ, ప్రతిదాని మీదా విసుగ్గా ఉన్న రోజులు. తూటాలెందుకు చేసుకోవాలి, కొనుక్కుంటే పోలా అని అడిగాడు.

"కొనుక్కో. హోటల్ల తినొచ్చు గద, మరి మీ అమ్మ ఇంట్ల ఎందుకు వండేది?" అన్నాడు జితేందర్. "ప్రతి తుపాకికి ఒక నాలిక ఉంటది బిడ్డా. దానికి ఏ గుండు రుచి, ఏ పౌడర్ రుచి, తినవెట్టి చూడాలె."

రెండు చలికాలాలు అలా తినిపించి చూడడంలోనే గడిచిపోయాయి. మందు డబ్బాలు అరలో వరసగా ఉండేవి. ఆయన ఒక్కోదాన్నీ కట్టెలతో పోల్చి చెప్పేవాడు. ఇది వరిగడ్డి, భగ్గున అంటుకుని ఆరిపోతుంది. తూటా ఇత్తడి డొప్ప చిన్నదైతే, గుండు తేలికదైతే ఇది. ఇది తుమ్మమొద్దు, నిదానంగా కాలుతుంది. పెద్ద డొప్పలో బరువు గుండును గొట్టం పొడవునా తోసుకుంటూ పోవాలంటే ఇదే కావాలి. బరువు గుండు వెనక వరిగడ్డి పెట్టావో, గుండు కదిలేలోపే మంటకు పోవడానికి చోటుండదు. "అప్పుడు అది నీ దిక్కు వస్తది."

గుండ్ల ఎంపిక దగ్గరా అంతే. పైన ఉత్తరాన దేవదారు చిత్తడి అడవుల్లో లేడి అరవై గజాల్లో కనబడుతుంది. అక్కడ వేగంగా పోయి ముక్కలయ్యే తేలిక గుండు వాడితే సగం మాంసం పాడు. నెమ్మదిగా వెళ్ళి, విచ్చుకుని, చెదరకుండా నిలిచే బరువైనదే మేలు. ఏ గుండైనా పుస్తకం తెరిచి, అందులో రాసిన కింది అంకెతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుకుంటూ, మూడేసి తూటాలు పేల్చి చూడాలి. క్లబ్బులో పేల్చి తెచ్చిన గురికాగితంలో మూడు చిల్లుల మీద ఆయన వరంగల్ నుంచి తెచ్చుకున్న పాత అర్ధరూపాయి బిళ్ళ పెట్టేవాడు. మూడూ బిళ్ళ కింద దాక్కుంటే నోటుబుక్కులో టిక్కు పడేది. లోకేష్ రైఫిల్‌కి ఆ టిక్కు పడడానికి ఏడు శనివారాలు పట్టింది. ఆ రోజు సరోజ ఆంటీ పైనుంచి సకినాల పళ్ళెం పంపించి, "ఏం గెలిచిండ్రని ఆ అరుపులు?" అని అడిగింది.

జితేందర్‌కి ఒక నియమం ఉంది: బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే డబ్బా. హాపర్‌లో మందు పోస్తే దాని డబ్బా హాపర్ పక్కనే నిలబడాలి. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి తిరిగి పోవాలి. ఆ తరవాత హాపర్ గాజు గొట్టాన్ని తలకిందులు చేసి అరచేత్తో తట్టాలి. లోకేష్ తట్టి చూపించేవాడు. ఆయన చూడను కూడా చూడకుండా, "ఇంకోసారి కొట్టు," అనేవాడు. ప్రతి శనివారమూ రెండోసారి తట్టినప్పుడు ఏమీ రాలేది కాదు. లోకేష్ లోపల నవ్వుకునేవాడు.

ఆ మార్చిలో జితేందర్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మెట్లు దిగలేకపోయాడు. "నీకు తెల్సు కదా, పోయి చేస్కో," అని పైనుంచే కేకేశాడు. లోకేష్ ఒక శుక్రవారం ఆయన చిన్న తుపాకికి తూటాలు చేసిపెడుతుంటే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. డబ్బా అరలో పెట్టి మెట్లెక్కేశాడు. హాపర్ అడుగున నాలుగు వేళ్ళెత్తు వరిగడ్డి మిగిలిపోయింది. మర్నాడొచ్చి, బల్ల మీద ఏ డబ్బా లేకపోవడం చూసి హాపర్ ఖాళీయే అనుకున్నాడు. గాజు ఎలాగూ మందు రంగు పట్టి మసకబారి ఉంటుంది. దాని మీద తన రైఫిల్‌కి కావలసిన తుమ్మమొద్దు పోశాడు. రెండూ చూపుకి నల్ల జీలకర్ర ముక్కల్లాగే ఉంటాయి. ముందు కిందికి దిగేది అడుగున ఉన్నదేగా. పెట్టెలో మొదటి కొన్ని తూటాలు ఆ అడుగు మందుతోనే నిండాయి.

క్లబ్బు నుంచి ఇంటికి డ్రైవ్ చేస్తున్నప్పుడే అతనికి ఇదంతా అర్థమైంది. అయినా ఫోన్ చేయలేదు. తుపాకి విషయంలో పేరు చెడితే వీసాకి ఏమవుతుందోనన్న భయం ఒక సాకు. నిజానికి సిగ్గు.

మన వాళ్ళకి మాత్రం మంచి కాలక్షేపం దొరికింది. ఎవరిదో గృహప్రవేశంలో భోజనాల వరసలో ఒక పెద్దాయన, "జితేందర్ గారు ఈ దీపావళికి టపాకాయలు ఇంట్లోనే చేస్తారట, మన అసోసియేషన్‌కి ఖర్చు తప్పింది," అన్నాడు. "డిస్టెన్స్ మెయింటెయిన్ చేయండి సార్, కొంపలంటుకుంటాయి!" అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు. చేతిలో ప్లేటుతో లోకేష్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అతనికి చాలా రోజులు గుర్తుండిపోయింది. చెంప మీది గీత కంటే ఎక్కువ రోజులు.

మూడేళ్ళు వాళ్ళ వీధిలోకి కారు తిప్పలేదు. నవంబరు వస్తే మాత్రం ఆ నేలమాళిగ వాసన గుర్తొచ్చేది: ఇత్తడి, నూనె, ఆవకాయ.

ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపులో జితేందర్ కూతురు నిధి ఒక మెసేజ్ పెట్టింది. అమ్మానాన్నలు క్యారీ అనే ఊరికి, తన దగ్గరికి మూవ్ అవుతున్నారు, మూవింగ్ సేల్. సోఫా, గడ్డి కోసే మిషన్, మంచు ఊడ్చే మిషన్. ఆఖరి ఫోటోలో బెంచి. ఖాళీగా, కడిగినట్టుగా.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు వార్షిక సమావేశం. ముప్పై మంది తెల్లవాళ్ళు కాఫీ కప్పులతో కూర్చుని ఉండగా లోకేష్ లేచి నిలబడ్డాడు. తూటాలు చేసింది తనేనని, హాపర్ ఖాళీ చేయనిది తనేనని, జితేందర్ ఆ రోజు మెట్లు దిగే స్థితిలో కూడా లేడని చెప్పాడు. "మూడేళ్ళు పట్టిందా నీకు?" అన్నాడు క్లబ్బు పెద్ద. అతని సభ్యత్వం తీసేశారు. జితేందర్‌కి క్షమాపణ ఉత్తరం పంపాలని తీర్మానం రాసుకున్నారు.

అక్కడి నుంచి నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాడు. సరోజ ఆంటీ తలుపు తీసి, ఎగాదిగా చూసింది. "దారి మర్చిపోలేదే ఇంకా! కిందున్నడు, పో."

జితేందర్ అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

"అంకుల్, ఆ రోజు హాపర్‌లో..."

"నాకెర్కనే."

"ఎప్పటినుంచి?"

"ఆ సోమవారం నుంచే. మోకాలు పట్టుకొని దిగిన. హాపర్ల అంటుకొని మిగిలింది తీసి భూతద్దం కింద పెట్టిన. రెండు తీర్ల ముక్కలు. విరిగింది ఎందుకు విరిగిందో చెప్పుడే గద నా కొలువు."

"మరి క్లబ్బులో ఎందుకు చెప్పలేదు అంకుల్?"

"నా బెంచి. తట్టి చూస్కోవాల్సింది నేను. అంతవరకు తప్పు నాదే." పక్కనున్న అట్టపెట్టె మూత మూస్తూ అన్నాడు: "మిగిలింది నువ్వు చెప్తవని చూసిన. మొదటి ఏడాది రోజూ చూసిన. తర్వాత బంద్ చేసిన."

"ఇవాళ చెప్పాను. అందరి ముందూ."

ఆయన తల ఊపాడు. సంతోషమో, అలసటో తెలియలేదు.

"మూత తీసిన డబ్బాలల్ల దేని మీదా నమ్మకం పోయింది నాకు. అన్ని తీస్కపోయి మీ ఆంటీ గులాబీల మొదట్ల ఎరువు లెక్క పోసిన. ఆ ఎండాకాలం చూడాల్సుండె నువ్వు."

"గిన్నెంత పూలు!" అని పైనుంచి సరోజ ఆంటీ కేక.

జితేందర్ వంగి ఒక అట్టపెట్టెలోంచి హాపర్ తీశాడు. సేల్ ఫోటోలో అది లేదు. దాన్ని లోకేష్ చేతుల్లో పెట్టాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలవలేదు; వేసవి ముగియక ముందే, నాన్న ఇక లేరని క్యారీ నుంచి నిధి ఫోన్ చేసింది. కానీ ఆ మధ్యాహ్నం లోకేష్ గాజు గొట్టాన్ని తలకిందులు చేసి, అలవాటు కొద్దీ అరచేత్తో తట్టాడు. ఏమీ రాలలేదు.

జితేందర్ అటు తిరిగి పెట్టెకు టేపు వేసుకుంటున్నాడు.

"ఇంకోసారి కొట్టు," అన్నాడు.