పికిలిపిట్ట గూడు కింద ఒక ప్రశ్న

మా పిట్టల గ్రూపులో చేరినప్పుడు నాకు కాకి, కొంగ, చిలుక తప్ప మరే పిట్ట పేరూ సరిగ్గా తెలియదు. హన్మకొండలో టీచరు ఉద్యోగం, ఇంటి పని. ఆదివారం పొద్దున మాత్రం హసన్‌పర్తి చెరువు గట్టు మీద కాసేపు నడిచేదాన్ని. అలా నడుస్తున్న ఒక రోజు, మెడలో బైనాక్యులర్ వేసుకుని నిలబడ్డ ఒకామె చేయెత్తి నన్ను ఆపింది.

"జర మెల్లగ రా చెల్లె. దగ్గరికొస్తె ఎగిరిపోతది."

నీళ్ల అంచున ఒక లకుముకి పిట్ట కూర్చుని ఉంది. బైనాక్యులర్ నా చేతికిచ్చి, అది చేపను పట్టేదాకా నాతో పాటు నిలబడింది. ఆ సాయంత్రమే తన వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చింది.

ఆమెది డోర్నకల్. తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. తండ్రి రైల్వేలో పనిచేశాడు, ఈమె కూడా రైల్వేలోనే, ఇక్కడి స్టేషన్‌లో ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చుంటుంది. గ్రూపులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఆమె పెట్టిన నియమాలు చాలా తక్కువ. రాజకీయాలు వద్దు, గుడ్ మార్నింగ్ పూలు వద్దు, గూడు ఎక్కడుందో అందరికీ చెప్పొద్దు, మనిషిని తిట్టొద్దు. ఇంకేమైనా మాట్లాడుకోవచ్చు. కొన్నాళ్లకు, తను డ్యూటీలో ఉన్నప్పుడు గ్రూపు చూసుకోమని నన్నూ అడ్మిన్‌ను చేసింది.

ఇంతమంది నోళ్లను ఎలా అదుపులో పెడతావక్కా అని ఒకసారి అడిగాను.

"రైలు లేటైతే అందరు నన్నే తిడతరు. నేనేమన్న రైలు నడిపిస్తున్ననా? కాని వాళ్లు అడిగేది నిజమే గద, బండి ఎప్పుడొస్తదని. తిట్టు పక్కకు పెట్టి ఆ సవాల్‌కు జవాబ్ చెప్తె సగం మంది చల్లబడతరు," అంది.

ఆ మాటను ఆమె ఎంత గట్టిగా నమ్ముతుందో ఆ ఎండాకాలం చూశాను.

మా గ్రూపులో అందరూ స్టూడియో సారు అని పిలిచే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు పెళ్లిళ్ల ఫొటోలు తీసిన స్టూడియో ఆయనది. దాన్ని కొడుక్కి అప్పగించి, పెద్ద లెన్సు కొనుక్కుని పిట్టల వెంట పడ్డాడు. మాలో చాలామందికి పిట్టల మీద ఇష్టం కలిగించింది ఆయన ఫొటోలే. ఒక ఆదివారం ఆయన పికిలిపిట్ట గూడు ఫొటో పెట్టాడు. కానుగ కొమ్మ మీద చిన్న గిన్నెలాంటి గూడు, అందులో నోళ్లు తెరిచిన పిల్లలు, అంచున పురుగు పట్టుకొచ్చిన తల్లి. ఫోన్ నిండా చప్పట్ల బొమ్మలు మోగాయి.

వాటి మధ్య ఒక అమ్మాయి ప్రశ్న వచ్చింది. రఘునాథపల్లిలో వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, హసన్‌పర్తిలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆమె ఇలా రాసింది: "సార్, గూడు పక్కన కొమ్మలు కొత్తగా కొట్టినట్టు కనపడుతున్నాయి. ఫొటో కోసం కొట్టారా? గూడుకు నీడ పోతే పిల్లలు ఎండకు చచ్చిపోతాయి కదా. ఎంత దూరం నుంచి తీశారు?"

ఫొటోను పెద్దది చేసి చూశాను. నిజమే, తెల్లగా తెగిన కొమ్మల మొదళ్లు కనిపిస్తున్నాయి.

వంట ముగించి మళ్లీ ఫోన్ చూసేసరికి గ్రూపు ఆగమాగం అయిపోయింది. ఆడపిల్లకు అంత నోరేమిటని ఒకరు, సారు కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన వయసని ఒకరు. అమ్మాయి పక్షాన వచ్చినవాళ్లు ఇంకొంచెం ముందుకెళ్లి సారును పిట్టల హంతకుడన్నారు. సారు మాత్రం ఒకే మాట రాశాడు. ఆ ప్రశ్నను, ఆ పిల్లను తీసేస్తే ఉంటాను, లేకపోతే వెళ్తాను.

నేను కంగారుగా అక్కకు ఫోన్ చేశాను. "ఆ ప్రశ్న తీసేద్దామా అక్కా? గొడవ పోతది," అన్నాను.

"ఆ పిల్ల ఏం తిట్టింది?"

"తిట్టలే."

"మరెందుకు తీసుడు? తిట్టినోళ్లవి తీద్దాం. ఇటు దిక్కువి, అటు దిక్కువి."

డ్యూటీ దిగి వచ్చి ముందు గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా చేసింది. తర్వాత ఒక్కో సందేశం చదువుతూ, మనిషిని తిట్టినవన్నీ తీసేసింది. అమ్మాయిని తిట్టినవీ పోయాయి, సారును హంతకుడన్నదీ పోయింది. సారును గట్టిగా వెనకేసుకొచ్చిన మాటలు, ఫొటో బాగాలేదన్న మాటలు అలాగే ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతి పని. మాట తీసేసిన ప్రతి మనిషికీ విడిగా రాసింది, ఏ మాట తీసిందో, ఎందుకు తీసిందో, తిట్టు లేకుండా అదే మాట మళ్లీ పెట్టుకోవచ్చని. కొందరు ఆమెనే తిట్టారు. వాళ్లకూ మర్యాదగానే జవాబు రాసింది.

మర్నాడు పొద్దున నన్ను స్కూటీ ఎక్కించుకుని ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. చోటు సారు ఆమెకు ముందే చెప్పి ఉన్నాడు. మేం రోడ్డు అవతలే నిలబడి బైనాక్యులర్‌తో చూశాం. ఆ ఒక్క చెట్టే కాదు, కరెంటు తీగల కింద వరుసగా అన్ని కానుగలకూ కొమ్మలు కొట్టి ఉన్నాయి. మేకలు కాస్తున్న ఒక ముసలామె అక్కడే ఉంది. అక్క ఆమెను అడిగింది.

"మొన్న కరెంటోళ్లు కొట్టిన్రు బిడ్డా, వైర్లకు తగులుతానయని. ఆ ఆకంత నా మేకలకే అయింది," అందామె.

మేం చూస్తుండగానే తల్లి పిట్ట గూటి మీద వాలింది. పిల్లలు నోళ్లు తెరిచాయి. అక్క ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అక్కడి నుంచే స్పీకర్ పెట్టి సారుకు ఫోన్ చేసింది.

"అన్నా, కొమ్మలు కొట్టింది మీరు కాదు. నేనొచ్చి చూసిన. ఆ ఒక్క మాట నిన్ననే చెప్తె అయిపోతుండె గద."

"నేనెందుకు చెప్పాలె? నామీద నమ్మకం లేనోళ్లకు జవాబిచ్చుడేంది? ఇప్పుడు తెలిసింది గద, ఆ పిల్ల అన్నది తప్పని. తీసెయ్."

"తప్పని నేనే గ్రూపుల రాస్త. కొమ్మల ఫొటో గూడ పెడ్త. కాని సవాల్ తప్పయితే జవాబ్ దాని కిందనే ఉండాలె అన్నా. సవాలే తీసేస్తె ఆ జవాబ్ ఎవలకు సమజైతది?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

అక్క చెప్పినట్టే చేసింది. గ్రూపులో మళ్లీ అందరూ రాసేలా తెరిచింది. తీగల కింద చెట్ల వరుస ఫొటో పెట్టి, కొమ్మలు కొట్టింది సారు కాదని, ఆయన మీద పడ్డ అనుమానం తప్పని స్పష్టంగా రాసింది. అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. తన ప్రశ్న తనే తీసేసుకుంటానంది.

"నీ మాట నీది. తీసేసుకుంటనంటె నేనొద్దన," అంది అక్క. "కాని నువ్వు అడిగింది రెండు సంగతులు బిడ్డా. కొమ్మల సంగతి తేలింది. దూరం సంగతి ఇంక తేలలే. దానికి ఏడుసుడెందుకు?"

అమ్మాయి ప్రశ్న తీసెయ్యలేదు. దాని కిందే రాసింది: "కొమ్మల విషయంలో నేను పొరపడ్డాను, క్షమించండి సార్. గూడు ఫొటో ఎంత దూరం నుంచి తీయాలో మాత్రం తెలుసుకోవాలని ఉంది."

ఆ మధ్యాహ్నమే సారు గ్రూపు వదిలి వెళ్లాడు. ఆయన వెంట మరికొందరు వెళ్లారు. ఆయన పేరు మీద కొత్త గ్రూపు పెట్టుకున్నారని విన్నాం. మా గ్రూపు చప్పబడింది. పెట్టేవన్నీ మసక మసక ఫోన్ ఫొటోలు. అక్కకు అది బాధ కాకపోలేదు. ఒకసారి గట్టు మీద నడుస్తూ, "అన్న ఫొటోలు లేకుంట ఏదో లోటే," అని తనే అంది. అయినా వెళ్లి బతిమాలలేదు, ఆయన గురించి గ్రూపులో ఎవరినీ ఒక్క మాట తేలిగ్గా అననివ్వనూ లేదు.

వానలు పోయి చలి మొదలైంది. చెరువుకు బాతులు రావడం మొదలైన రోజుల్లో ఒక ఆదివారం సారు గట్టు మీద కనిపించాడు. నన్ను చూసి ఆయనే దగ్గరికొచ్చాడు.

"ఏం టీచరమ్మా, మీ గ్రూపు ఎట్ల నడుస్తాంది?"

"నడుస్తాంది సార్. మీదెట్లుంది?"

ఆయన కెమెరాను భుజానికి తగిలించుకున్నాడు. "ఏం పెట్టినా బాగుంది బాగుంది అంటాన్రు. ఒక డేగ ఫొటోకు తప్పు పేరు పెట్టిన. ఒక్కలన్న చెప్పలే. దాన్ని పెద్దగ చేయించి ఇంట్ల గోడకు గూడ కొట్టిన. మా మనుమరాలు బుక్కుల చూసి, తాతా ఇది అది కాదు అన్నది." ఇంత చెప్పి తనే నవ్వాడు. "అక్కను అడుగు, నన్ను మళ్ల కలుపుతదా అని."

అక్కకు చెప్పగానే చేర్చేసింది. వెంటనే నాకు ఫోన్ చేసింది. "వెల్కం వెల్కం అని ఎవలు పెట్టకున్రి, అందరికి చెప్పు. ఆయన సిగ్గుపడతడు. ఊకె ఉండున్రి, నిన్ననే మాట్లాడుకున్నట్టు."

అందరం ఊరుకున్నాం. సారు బాతుల ఫొటో ఒకటి పెట్టాడు. దాని కింద చాలా పొడుగ్గా రాశాడు. గూడు కనిపిస్తే తను ఎంత వెనక్కి జరుగుతాడో, తల్లి పిట్ట గూటికి రావడం మానితే కెమెరా ఎలా సర్దుకుని వచ్చేస్తాడో, ఆ పికిలిపిట్టను రోడ్డు అవతల కారులోంచే తీశానని. ఎవరు అడిగారో రాయలేదు. రాయకపోయినా మాకందరికీ తెలుసు.

కాసేపటికి ఆ అమ్మాయి నుంచి సందేశం వచ్చింది. థాంక్యూ సార్ అని రాసి, అంత దూరం నుంచి తీయడానికి లెన్సు లేనివాళ్లు ఏం చేయాలని అడిగింది. నేను కూర తిప్పుతూ ఫోన్ వంకే చూస్తున్నాను. సారు రాయలేదు, గొంతు రికార్డు చేసి పంపాడు. వింటూ కూర మాడుతుందేమోనని స్టవ్ ఆపేశాను. పాత బైనాక్యులర్‌కు ఫోన్ ఎలా ఆనించి పట్టుకోవాలో, చెయ్యి వణకకుండా మోచేతులు ఎక్కడ ఆనించాలో, మధ్యలో దగ్గుతూ, ఓపికగా చెప్పుకుంటూ పోయాడు. చివర్న, "సమజ్ కాకుంటె మళ్ల అడుగు బిడ్డా," అన్నాడు.